ఆళ్ళగడ్డ బస్సు ఎక్కనందుకు

మన దేశ ఫుట్‌బాల్ జట్టు ఆసియా కప్‌కు పోలేకపోవడానికి కారణం నంద్యాలలో ఒక టైర్ల షాపాయన. ఈ మాట నాది కాదు, మా వాళ్ళది. దసరాకూ దీపావళికీ మధ్య వచ్చిన ఆ ఓటమి తర్వాత చాలా రోజుల పాటు మా గుంపులో ఈ మాటకు ఎదురు చెప్పినవాడు లేడు. చెప్పబోయిన నన్ను కూడా "నీకు పేపర్ సంగతి తెలుస్తాది గానీ మ్యాచ్ సంగతి నీకేం తెలుసులే సార్" అని కూర్చోబెట్టారు.

మా గుంపు పెద్దదేమీ కాదు. పొద్దున్నే హైస్కూల్ గ్రౌండుకు ఫుట్‌బాల్ ఆడడానికి వచ్చేవాళ్ళు, ఆడే వయసు దాటిపోయి గట్టు మీద కూర్చొని తిట్టేవాళ్ళు, అంతే. నేను రెండో రకం. పత్రికలో డెస్క్ ఉద్యోగం చేసి రిటైరయ్యాక నడక కోసం గ్రౌండుకు వెళ్ళి అక్కడ చిక్కుకుపోయాను. మా గోల్‌కీపర్ ఆర్టీసీలో కండక్టర్, మాటలో దురుసు మనిషి. ఇక ఆ గ్రౌండును గ్రౌండుగా నిలబెట్టింది మాత్రం టైర్ల షాపాయన. అందరూ ఆయన్ను భాయ్ అంటారు.

ఆ గ్రౌండు గురించి చెప్పాలి. పట్టణంలో ఏ పార్టీ సభ జరిగినా అక్కడే. ఎగ్జిబిషన్ పెట్టినా, బాణసంచా అంగళ్ళు పెట్టినా అక్కడే. సభ అయిపోతుంది, నాయకులు కార్లెక్కి వెళ్ళిపోతారు, షామియానా వాళ్ళు గుంజలు పీక్కొని పోతారు. గుంజలు పాతిన గుంతలు మాత్రం మిగులుతాయి. వాటిని పూడ్చాలని ఎవరికీ తోచదు. అడుగు వెడల్పు, మోకాలి లోతు ఉంటాయి. మొదటి వాన తర్వాత గడ్డి కమ్మితే పైకి కనపడవు. పరుగెత్తే పిల్లాడి కాలు అందులో పడిందంటే ఆ ఏడాదికి వాడి ఆట ముగిసినట్టే. ప్రతి సభ మర్నాడూ భాయ్ తట్ట, పార తీసుకొని వచ్చేవాడు. గుంత గుంతకూ మట్టి పోసి, తొక్కి, నీళ్ళు చల్లి, మళ్ళీ తొక్కేవాడు. సున్నంతో గీతలు గీసేవాడు. గోల్‌పోస్టుల వలలు రాత్రుళ్ళు పోతాయని రోజూ విప్పి షాపులో దాచి, పొద్దున్నే స్కూటర్ మీద తెచ్చి కట్టేవాడు. ఇన్నేళ్ళుగా ఎవరూ చెప్పకుండానే చేశాడు. ఆయన మానేస్తే ఏమవుతుందని మేమెవరం ఆలోచించలేదు.

ఇప్పుడు సెంటిమెంట్ సంగతి.

కొన్నేళ్ళ కిందట మన జట్టు ఏదో ముఖ్యమైన మ్యాచ్ ఆడుతున్న సాయంత్రం నంద్యాలలో గాలివానకు కరెంటు పోయింది. ఆళ్ళగడ్డలో తనకు తెలిసిన శిల్పి ఒకాయన ఉన్నాడని, ఆయన షెడ్డులో టీవీ, ఇన్వర్టర్ ఉన్నాయని కండక్టర్ అన్నాడు. తడుస్తూనే బస్సెక్కాము. ఆళ్ళగడ్డలో శిల్పుల షెడ్లు రోడ్డు పక్కనే ఉంటాయి. అక్కడ తల పూర్తయి మొండెం ఇంకా రాతిలోనే ఉన్న దేవుళ్ళ మధ్య, తెల్లటి రాతిపొడి మీద గోనెసంచులు పరుచుకొని కూర్చున్నాము. టీవీ ఒక నల్లరాయి దిమ్మె మీద ఉంది. ఆ రోజు గెలిచాము. అంతే, ఇక నంద్యాలలో మ్యాచ్ చూడడం అనేది ముగిసింది.

ప్రతి ముఖ్యమైన మ్యాచ్‌కూ ఆళ్ళగడ్డ బస్సు. అందరం ఒకే బస్సు. దారిలో శిరివెళ్ళ ఊరు దాటేదాకా మ్యాచ్ ఊసెత్తకూడదు. శిల్పి ఆ రోజు మధ్యాహ్నం నుంచి ఉలి ముట్టడు. షెడ్డులో కండక్టర్ కాళ్ళు చాపి కూర్చోవాలి, శిల్పి గోడకు ఎడమ భుజం ఆనించి కూర్చోవాలి, నేను తొండం పగిలి పక్కన పడేసిన వినాయకుడి పక్కన కూర్చోవాలి. విరామంలో బొరుగుల ఉగ్గాని, బజ్జి. ఓడిన మ్యాచ్‌లూ ఉన్నాయి. అప్పుడు ఎవరో ఒకరు చోటు మారి కూర్చున్నారనో, శిరివెళ్ళకు ముందే ఎవరో నోరు జారారనో తేలేది. సెంటిమెంట్‌ది తప్పని ఒక్కసారీ తేలలేదు.

ఈసారి భాయ్ ఎదురు తిరిగాడు. సొంతగడ్డ మీద జరిగే ఆ మ్యాచ్‌లో తప్పక గెలవాలి, లేకపోతే ఆసియా కప్ ఆశ పోయినట్టే. భాయ్ ఒక ఫంక్షన్ హాల్ వాళ్ళను బతిమాలి పెద్ద తెర పెట్టించాడు. బడి పిల్లలను పిలిచాడు. అందరికీ ఫోన్లు చేశాడు.

"నంద్యాలను జిల్లా చేసినారు, కలెక్టర్ వచ్చినాడు, అన్నీ వచ్చినాయి," అన్నాడు గట్టు మీద మాతో. "మన దేశం ఆడే మ్యాచ్ సూడనీకి మాత్రం ఇంకా ఆళ్ళగడ్డకు పోవాల్నా? మనం నలుగురం దొంగల మాదిరి పోయి ఆడ సూసొస్తాండాం. ఈడ పిల్లోళ్ళకు మనకో టీం ఉందనే తెల్దు."

"బస్సుకు పోదాం భాయ్, ఈ ఒక్కసారికి," అన్నాడు కండక్టర్.

"నువ్వు బస్సులోనే ఉంటావు గదప్పా పొద్దస్తమానం. ఒక్కపూట దిగు."

శిల్పి మాత్రం రానన్నాడు. షెడ్డు వదిలేది లేదన్నాడు.

హాలు నిండింది. నేను అనుకోలేదు. మొదటి గోల్ మనదే. ఎన్నడూ మన జట్టును చూడని పిల్లలు కుర్చీలెక్కి అరిచారు. ఆ అరుపుల మధ్య భాయ్ ముఖం చూశాను. తన ఇంట్లో పెళ్ళి జరుగుతున్నట్టు అటూ ఇటూ తిరుగుతూ నీళ్ళ ప్యాకెట్లు పంచుతున్నాడు. విరామానికి కాస్త ముందు వాళ్ళు సమం చేశారు. విరామం తర్వాత ఇంకొకటి కొట్టారు. ఆ తర్వాత మన జట్టు ఎంత పరుగెత్తినా తెర మీద అంకె మారలేదు.

మ్యాచ్ ముగిసిన వెంటనే కండక్టర్ ఫోన్ మోగింది. శిల్పి. కండక్టర్ ఆ ఫోన్‌ను స్పీకర్‌లో పెట్టాడు. పెట్టకుండా ఉండాల్సింది.

"అయిపాయనా? సంతోషమా భాయ్‌కు? పెద్ద తెరలో పెద్దగా ఓడినారు! మీరు ఆడ, నేను ఈడ. సగం సగం సెంటిమెంట్‌తో ఎట్ల గెలుస్తాదప్పా టీం? ఆయప్పకు సెప్పు, నా షెడ్డు గడప ఇంగ తొక్కొద్దని సెప్పు!"

హాలంతా విన్నది. కొందరు పిల్లలు నవ్వారు. భాయ్ కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చడం మొదలుపెట్టాడు. అన్నీ పేర్చేదాకా అక్కడే ఉన్నాడు. మర్నాడు పొద్దున గ్రౌండుకు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

నాకు మ్యాచ్ మర్నాటి పేపర్ గుర్తుంది. క్రీడల పేజీలో పైనుంచి కింది దాకా క్రికెట్. ఎవరో బ్యాట్స్‌మన్ చీలమండ వాపు గురించి ఫొటోతో సహా మూడు కాలమ్‌లు. మన దేశం ఒక పెద్ద టోర్నీకి దూరమైన వార్త అడుగున, ప్రకటన పక్కన, సింగిల్ కాలమ్‌లో వేశారు. ఆ కాస్తలో కూడా ఓటమికి ఎవరు బాధ్యులో ఒక్క ముక్క లేదు. డెస్క్ మీద అంతకాలం కూర్చున్నవాణ్ణి, అది ఎలా జరుగుతుందో నాకు తెలుసు. రాత్రి పేజీ కట్టేవాడికి ఆ వార్త ఒక ఖాళీ నింపే ఇటుక. తెలిసినంత మాత్రాన కోపం తగ్గదు. పెరుగుతుంది.

టీ అంగడి దగ్గర ఇంకో రకం. ఇంత జనాభాలో పదకొండు మంది దొరకలేదా అని పళ్ళికిలించేవాళ్ళు. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆటగాళ్ళు సంతలో దొరికే వస్తువులా, వెతికితే దొరకడానికి? ఆడుకోవడానికి గుంతలు లేని నేల కావాలి. మన జిల్లాలో ఓ మూలకు సరిపోయే దేశం మనల్ని ఓడించిందని ఎగతాళి చేస్తారు. ఆ చిన్న దేశంలో పిల్లల గ్రౌండులో గుంజలు పాతి సభలు పెడతారా అని ఒక్కడూ అడగడు. అర్జెంటీనా జెర్సీ వేసుకున్న కుర్రాడొకడు నన్ను చూసి, "మన టీం ఒకటుందా తాతా?" అన్నాడు. వాడిని ఏమనాలి? వాడికి మన టీంను చూపించబోయిన మనిషినే మేము తరిమేశాము.

అన్నిటికంటే నాకు కోపం తెప్పించింది మా వాళ్ళే. పొద్దున్నే గట్టు మీద చేరి ఇదే చర్చ. బస్సెక్కి ఉంటే గెలిచేవాళ్ళమా? ఫంక్షన్ హాల్ తలుపు ఏ దిక్కుకు ఉంది? పై స్థాయిలో ఆటను నడిపేవాళ్ళు ఏం చేశారు, లీగులు ఎందుకు ఆగిపోతున్నాయి, కుర్చీలు ఎవరెవరు పట్టుకొని వేలాడుతున్నారు, ఈ ప్రశ్నలు రావు. ఆ పైవాళ్ళలో ఒక్కరైనా ఒక్క పూట అన్నం మానేశారా? తప్పు మాది అన్నారా? తప్పు తలకెత్తుకోవడానికి నంద్యాలలో ఒక టైర్ల షాపు మనిషి దొరికాడు, ఇక అందరూ హాయిగా ఉన్నారు.

ఇంతలో పండుగ బాణసంచా అంగళ్ళు పెట్టారు, తీశారు. గుంతలు మిగిలాయి. పూడ్చేవాడు లేడు. వలలు లేవు కాబట్టి బంతి పోస్టు లోపలి నుంచి పోయిందా బయటి నుంచి పోయిందా అని రోజూ పోట్లాట. కొందరు రావడం మానేశారు. ఒకరోజు క్రికెట్ కోచింగ్ నడిపే ఆయన గట్టు దగ్గరికి వచ్చి నవ్వుతూనే అడిగాడు.

"మీ భాయ్ మానుకున్నాడంట గదా సార్. ఆ పోస్టులు ఊరికే ఉన్నాయి. తీపించేద్దాం. మా నెట్స్‌కు అడ్డంగా ఉన్నాయి."

ఆ రోజే భాయ్ షాపుకు వెళ్ళాను. ట్రాక్టర్ టైరును నీళ్ళ తొట్టిలో తిప్పుతూ పంక్చర్ కోసం చూస్తున్నాడు. తలెత్తలేదు. గోల్ వలలు వెనక గోడకు మేకు మీద చుట్ట చుట్టి వేలాడుతున్నాయి.

"పోస్టులు తీసేస్తామంటాండారు భాయ్," అన్నాను.

"తీసుకోనీ."

"నువ్వు వస్తే తీయరు."

"నేనొస్తే టీం ఓడిపోతాది గదా సార్." తొట్టిలో బుడగలు వచ్చిన చోట వేలు పెట్టి సుద్దతో గుర్తు వేశాడు. "నేను గెలిపిస్తానని సెప్పినానా? సూపిస్తానని సెప్పినా. సూపించినా. అంతే గదా నేను చేసింది? పిల్లోళ్ళ ముందర నన్ను అట్ల అనొచ్చునా?"

ఆ హాల్లో స్పీకర్ ఆపమని చెప్పగలిగిన వయసులో నేనున్నాను, ఆపగలిగిన చోట కండక్టర్ ఉన్నాడు. మేమందరం ఆ మ్యాచ్ బాధలో ఉన్నామని సర్దిచెప్పబోతే భాయ్ కంప్రెసర్ ఆన్ చేశాడు. ఇక మాట వినపడలేదు.

మరుసటి వారం ఒంటరిగా ఆళ్ళగడ్డ బస్సెక్కాను. మ్యాచ్ లేని రోజు ఆ దారి వేరేగా ఉంది. శిరివెళ్ళ ముందే ఏం మాట్లాడుకున్నా ఫరవాలేదు, మాట్లాడడానికి పక్కన ఎవరూ లేరు. శిల్పి ముక్కుకు గుడ్డ కట్టుకొని కటింగ్ మిషన్‌తో అమ్మవారి కిరీటం అంచు కోస్తున్నాడు. కనుబొమ్మల దాకా తెల్లటి పొడి. నన్ను చూసి మిషన్ ఆపాడు.

"రా సార్. కూసో. నీ తావు ఆడనే ఉంది," అని తొండం పగిలిన వినాయకుణ్ణి చూపించాడు.

నేను కూర్చోలేదు. నిలబడే తిట్టాను. ఒక పెద్దమనిషిని ఊరి పిల్లల ముందు అవమానించడానికి నీకేం హక్కుందని అడిగాను. ఎక్కడో ఆడే మ్యాచ్‌కూ ఆళ్ళగడ్డ బస్సుకూ సంబంధమేమిటన్నాను. ఆటను నాశనం చేసినవాళ్ళను వదిలేసి ఆట కోసం మట్టి మోసినవాడి మీద పడతావా అన్నాను. చాలా కాలంగా అంత గట్టిగా అరవలేదు.

శిల్పి అంతా విన్నాడు. తర్వాత అతనూ అరిచాడు.

"నాకు తెల్దనుకుంటాండావా సార్? సెంటిమెంట్ తోనే గోల్ పడతాదని నమ్మేంత పిచ్చోణ్ణా? ఇంగేం చేయమంటావు మమ్మల్ని? టీంను ఎవురు నడుపుతాండారో మనకు తెల్సునా? కోచ్‌ను మార్చగలమా? జాబు రాస్తే జవాబిస్తారా? పేపర్లో మీరు కూడా రాయరు. మన చేతిలో ఉండేదల్లా ఆ బస్సు ఒగటే సార్. టైముకు ఎక్కాల, సరైన తావులో కూసోవాల. ఆ ఒగటి కూడా చేయకపోతే ఇంగ మనం ఎందుకు?"

కోపంగా వచ్చినవాణ్ణి, కోపం పోలేదు గానీ అది నిలబడిన చోటు మారింది. ఇంత పెద్ద దేశంలో ఒక ఆటను ప్రేమించే మనిషికి మిగిల్చింది ఏమిటంటే గోడకు ఎడమ భుజం ఆనించి కూర్చోవడం. మ్యాచ్ పోయినందుకు కంటే, మాకు అంతే మిగిలినందుకు నాకు ఎక్కువ మండింది.

"భాయ్ గ్రౌండుకు రావడం లేదు," అన్నాను చివరికి. "వలలు లేవు. పోస్టులు తీసేస్తామంటున్నారు. ఆ గుంతలు పూడ్చేవాడు లేడు."

"ఏం గుంతలు?"

అప్పుడు తట్టింది నాకు. ఇన్నేళ్ళలో మేము ఆళ్ళగడ్డకు పోవడమే గానీ ఆయన మా గ్రౌండు ఎన్నడూ చూడలేదు. చెప్పాను. ముక్కు మీదికి గుడ్డ లాక్కొని మిషన్ ఆన్ చేశాడు. నేను బస్టాండుకు నడిచాను.

అర్హత పోయినా ఆడవలసిన మ్యాచ్‌లు మిగిలే ఉంటాయి. గెలిచినా లాభం లేని, ఓడినా కొత్తగా పోయేదేమీ లేని మ్యాచ్‌లు. చలి మొదలైన రోజుల్లో అలాంటిదొకటి వచ్చింది. దాన్ని భాయ్ షాపులోనే చూస్తానని నేను ప్రకటించాను. కండక్టర్ చాలా సేపు గొణిగాడు.

"మళ్ళ ఈ ఊర్లోనేనా సార్? ఓడితే?"

"ఓడితే ఏం పోతుందప్పా? పోవాల్సింది పోయింది గదా."

భాయ్‌ను ముందుగా అడగలేదు. షాపు మూసే వేళకు వెళ్ళి, వాళ్ళింటి నుంచి టీవీ తెప్పించమన్నాను. ఆయన వద్దనలేదు, రమ్మనలేదు. టీవీని టైర్ల వరస మీద పెట్టాడు. మేము నలుగురైదుగురం టైర్లలోనే కూర్చున్నాము. మ్యాచ్ మొదలవడానికి కాస్త ముందు సగం దించిన షట్టర్ కింద నుంచి రెండు తెల్లటి చెప్పులు కనిపించాయి. శిల్పి వంగి లోపలికి వచ్చాడు. జుట్టులో ఇంకా రాతిపొడి ఉంది. చేతిలో ఉగ్గాని పొట్లం.

"ఆళ్ళగడ్డదే," అన్నాడు పొట్లం భాయ్ ముందు పెట్టి. "బేగా తినండప్పా, సల్లారిపోయింది."

భాయ్ పొట్లం వైపు చూశాడు. కూర్చోమనలేదు. శిల్పి తనంతట తానే గోడ వెతుక్కొని, ఎడమ భుజం ఆనించి కూర్చున్నాడు. కండక్టర్‌కు నవ్వొచ్చింది గానీ బయటికి రానీయలేదు.

ఆ మ్యాచ్ కూడా ఓడిపోయాము.

మళ్ళీ నంద్యాలలోనే. మళ్ళీ భాయ్ దగ్గరే. ఇక ఆయన జన్మలో గ్రౌండు ముఖం చూడడని నాకు అనిపించింది. కండక్టర్ నోరు తెరిచాడు. "నేను ముందే సెప్పినా, ఈడ..."

"నోరు మూయప్పా," అన్నాడు శిల్పి. "ఓడింది ఆడ. ఈడ ఎవురూ ఓడలే."

తర్వాత భాయ్ వైపు తిరిగాడు. క్షమించమని అడగడం ఆయనకు రాదు. "ఆ పొద్దు ఫోన్‌లో నేను పిచ్చి కూతలు కూసినా," అన్నాడు. "పిల్లోళ్ళు ఇన్నారంట."

భాయ్ టీవీ వైరు చుట్టుకుంటూ, "బస్సు దొరకదు నీకు ఇప్పుడు," అన్నాడు. "ఇంటికి రా. పండుకొని పొద్దున పో."

పొద్దున నేను గ్రౌండుకు వచ్చేసరికి స్కూటర్ గేటు దగ్గర ఉంది. శిల్పి మైదానం మధ్యలో ఒంటికాలి మీద నిలబడి కేకలేస్తున్నాడు. రెండో కాలు గుంతలో పడి చీలమండ మెలితిరిగింది.

"ఇదేందప్పా! గ్రౌండా ఇది? ఎవుడు తవ్వినాడు ఇన్ని? ఆడొకటి, ఈడొకటి! పిల్లోళ్ళు ఆడేతావులో గుంజలు పాతినోడెవుడు? పీకినాక పూడ్చాల్సిన పనిలేదా వానికి? ఇందుట్లో ఆడతాండారా మీరు ఇన్నాళ్ళూ? ఇందుట్లో ఆడి ఆసియా కప్‌కు పోతారా ఎవురన్నా?"

ఎవరిని తిడుతున్నాడో పేరు పెట్టి చెప్పలేకపోయాడు గానీ, ఇన్ని వారాల్లో మొదటిసారి ఆ తిట్లు సరైన దిక్కుకు పోతున్నాయి. క్రికెట్ కోచింగ్ ఆయన తన పిల్లలతో సహా ఆగి చూస్తున్నాడు.

భాయ్ పోస్టుకు వల కడుతున్నాడు. ముడి బిగించి, దిగి, గట్టు పక్కనున్న తట్ట, పార తెచ్చి శిల్పి ముందు పెట్టాడు.

"మట్టి ఆ మూల ఉంది," అన్నాడు. "పోసి తొక్కాల. ఊరికే పోస్తే నిలబడదు."